రాయడం పూర్తయింది, మరి అచ్చుకు ముందు? రాతప్రతిని సిద్ధం చేసుకోవడం, కాపాడుకోవడం

ఆఖరి వాక్యం రాసిన రోజు ఏ రచయితకైనా పండుగే. ఆ ఉత్సాహంలో చాలామంది మర్నాడే ప్రెస్సుకు ఫోను చేస్తారు. డిసెంబరులో హైదరాబాద్ పుస్తక ప్రదర్శన, జనవరి మొదట్లో విజయవాడ పుస్తక మహోత్సవం దగ్గరపడుతుంటే ఇక ఎవరు చెప్పినా వినరు. దయచేసి ఆగండి. రాయడం పూర్తయిన రోజుకూ, అచ్చుకు ఇచ్చే రోజుకూ మధ్య కనీసం మూడు నెలలు ఉంచుకోండి.

కొత్తగా రాస్తున్నవారు నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్న ఒకటుంది: "నా కథను ఎవరైనా కాజేస్తే?" ఆ భయం ఉత్తదేమీ కాదు. దానికి చేయవలసిన పనులు కింద చెబుతాను. కానీ నేను చూసినంతవరకు రాతప్రతులకు దొంగల కంటే ఎక్కువ చేటు చేసినవి వేరే ఉన్నాయి. ఉన్నది ఒకే ప్రతి కావడం, ఏది తాజా ప్రతో రచయితకే తెలియకపోవడం, చదవకుండా సంతకం పెట్టడం. అందుకే మొదట ఇంట్లో పనితో ప్రారంభిద్దాం.

ఒక్క ప్రతిని ఖాయం చేయండి

నా మొదటి కథల సంపుటికి కంప్యూటర్‌లో మూడు ఫైళ్లు ఉండేవి: "చివరిది", "కొత్త చివరిది", "చివరిది సరిచేసినది". డీటీపీ (కంప్యూటర్‌లో పుస్తకం పేజీలు కట్టే పని) చేసే ఆయనకు పంపేటప్పుడు రెండు కథలు పాత ఫైలులోవి వెళ్లాయి. ఒక కథలో తల్లి పేరును నేను సీతమ్మ నుంచి సుబ్బమ్మగా మార్చాను. సగం మార్చి వదిలేసిన పాత ప్రతే అచ్చయింది. 41వ పేజీలో సీతమ్మ పొయ్యి దగ్గర కూర్చుంటుంది, 43వ పేజీలో సుబ్బమ్మ అన్నం వడ్డిస్తుంది. చదివినవాళ్లు ఇద్దరు ఆడవాళ్లు ఉన్నారనుకున్నారు. 500 ప్రతుల్లో తప్పొప్పుల పట్టిక కాగితం పెట్టుకుంటూ రెండు రాత్రులు కూర్చున్నాను.

అందువల్ల ఫైలు పేరులో "చివరిది" అన్న మాట వాడకండి. పుస్తకం పేరు, పక్కనే సంవత్సరం, నెల, తేదీ వరుసలో అంకెలు పెట్టండి. ఉదాహరణకు "నవల-2025-08-14". ఇలా పెడితే కంప్యూటరే వాటిని వరుసలో చూపిస్తుంది. పాతవాటిని చెరిపేయకుండా "పాతవి" అనే ఫోల్డరులోకి తోసేయండి. రేపు ఎవరైనా ఇది మీ రచన కాదంటే, మీరు ఎలా రాసుకుంటూ వచ్చారో చూపించేవి ఆ పాత ప్రతులే. విడివిడిగా ఉన్న కథలను, అధ్యాయాలను ఒకే ఫైలులో కలిపి, ఇకపై మార్పులన్నీ అందులోనే చేయండి.

చేత్తో రాసేవారైతే ప్రతి కాగితం మూలన "312లో 47" అన్నట్టుగా మొత్తంతో కలిపి సంఖ్య వేయండి. ఒక్క కాగితం జారిపోయినా వెంటనే తెలుస్తుంది. తర్వాత జిరాక్స్ తీయించండి, ఫోనులో స్కాన్ చేయించి పెట్టండి. డీటీపీకి జిరాక్స్ ప్రతినే ఇవ్వాలి. అసలు రాతప్రతి ఇల్లు దాటకూడదు. చెదలు, వానచినుకు, ఇల్లు మారేటప్పుడు పాత కాగితాల కట్ట కింద తూకానికి పోవడం, ఇవన్నీ మన భాషలో ఎన్నో రచనలను మింగాయి.

కంప్యూటర్ ప్రతిని మూడు చోట్ల ఉంచండి: మీ కంప్యూటర్‌లో, ఒక పెన్‌డ్రైవ్‌లో, ఇంటర్నెట్ నిల్వలో. పెన్‌డ్రైవ్ మీ ఇంట్లోనే ఉంటే ప్రయోజనం సగమే, చెల్లెలి ఇంట్లోనో స్నేహితుడి బీరువాలోనో ఉండాలి. ప్రతి పదిహేను రోజులకు మీ మెయిల్‌కు మీరే తాజా ప్రతిని పంపుకోండి. తేదీతో సహా ఒక జాడ మిగులుతుంది. నెలకోసారి ఆ ప్రతులు తెరుచుకుంటున్నాయో లేదో చూడండి. అను ఫాంట్లలో (డీటీపీ కేంద్రాల్లో వాడే పాత తరహా తెలుగు అక్షరాల్లో) టైపు చేసేవారు ఇంకొక జాగ్రత్త తీసుకోవాలి. ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో ఫైలు తెరిస్తే అర్థం లేని ఇంగ్లీషు అక్షరాలు కనిపిస్తాయి. కాబట్టి పీడీఎఫ్ ప్రతినీ, యూనికోడ్‌లోకి (ఏ కంప్యూటర్‌లోనైనా తెలుగుగానే కనిపించే పద్ధతిలోకి) మార్చిన ప్రతినీ కూడా దాచండి.

పదాల పట్టిక రాసుకోండి

ఇప్పుడు రాతప్రతిని పక్కన పెట్టి నెల రోజులు ముట్టుకోకండి. తర్వాత కాగితంపై ప్రింటు తీసి, ఎర్ర పెన్ను పట్టుకుని, పైకి చదవండి. కళ్లు దాటేసిన తప్పును నోరు పట్టుకుంటుంది. నాలుక ఎక్కడ తడబడితే అక్కడ వాక్యం బాగుచేయాలి.

పక్కన ఒక నోటుపుస్తకం పెట్టుకోండి. తెలుగులో ఒకే మాటను రెండు మూడు రకాలుగా రాసే వీలుంది: పెళ్లి, పెళ్ళి, అయితే, ఐతే, చేశాడు, చేసాడు, ఎందుకు, యెందుకు. ఏది వాడాలన్నది మీ ఇష్టం, కానీ పుస్తకమంతా అదే ఉండాలి. ఎదురైన ప్రతి జంటలోనూ మీరు ఎంచుకున్న రూపాన్ని ఆ పుస్తకంలో రాయండి. తర్వాత ప్రూఫులు (అచ్చుకు ముందు దిద్దడానికి తీసే నమూనా పేజీలు) చూసేవారికి ఆ పట్టిక నకలు ఇవ్వండి. నా అనుభవంలో దీనంత మేలు చేసిన పని మరొకటి లేదు. ప్రూఫు చూసేవారు తమ అలవాటు ప్రకారం దిద్దుకుంటూ పోతారు. పట్టిక చేతిలో ఉంటే మీ అలవాటు ప్రకారం దిద్దుతారు.

సంభాషణల విషయం వేరు. మీ పాత్ర శ్రీకాకుళం మనిషో కరీంనగర్ మనిషో అయితే ఆ మనిషి నోట వచ్చే మాట ఆ ఊరి మాటే కావాలి. "సంభాషణల్లో యాస మార్చవద్దు" అని పట్టిక మొదటి పేజీలోనే పెద్ద అక్షరాలతో రాయండి. ఎంత చక్కటి యాస ఎంతమంది దిద్దుబాటులో చచ్చిపోయిందో తలచుకుంటే బాధగా ఉంటుంది.

నోటుపుస్తకంలో ఇంకో పేజీలో పాత్రల పేర్లు, వయసులు, చుట్టరికాలు, ఏ సంఘటన ఏ నెలలో జరిగిందో రాయండి. సంక్రాంతికి వచ్చిన అల్లుడు చెట్టు నుంచి కోసిన మామిడిపండ్లు తింటున్నాడేమో చూసుకోండి. 1975లో కథ జరుగుతుంటే చేతిలో సెల్‌ఫోను ఉండదని అందరికీ తెలుసు. చిక్కంతా రూపాయి లెక్కలు, బస్సు రూట్లు, జిల్లాల పేర్ల దగ్గర వస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ జిల్లాలు మారాయి కదా, కథ జరిగిన కాలంలో ఆ ఊరు ఏ జిల్లాలో ఉండేదో అదే రాయాలి.

ఇతరుల సొత్తు ఎక్కడుందో వెతకండి

మీ పుస్తకంలో మీది కానిది ఏముందో ఒక జాబితా చేయండి. కవితా పంక్తులు, సినిమా పాటలు, ఫొటోలు, ఉత్తరాలు, పటాలు, అన్నీ.

మన దేశంలో రచయిత మరణించిన మరుసటి సంవత్సరం నుంచి లెక్కిస్తే 60 ఏళ్లపాటు కాపీరైట్ ఉంటుంది. గురజాడ 1915లో కన్నుమూశారు కాబట్టి ఆయన రచనలను ఎవరైనా వాడుకోవచ్చు. శ్రీశ్రీ 1983లో పోయారు కాబట్టి ఆయన రచనలపై హక్కు 2043 చివరి వరకు ఉంటుంది. పోతన పద్యం అందరిదీ. కానీ దానికి ఈ కాలపు పండితుడు రాసిన తాత్పర్యం ఆ పండితుడిదే. విమర్శ కోసం, సమీక్ష కోసం కొంత భాగాన్ని ఉదహరించడానికి కాపీరైట్ చట్టంలో 52వ సెక్షన్ వీలు కల్పిస్తుంది. అయితే "ఇన్ని పంక్తుల వరకు ఫర్వాలేదు" అని చెప్పుకునే లెక్క ఏదీ చట్టంలో లేదు. సినిమా పాటల హక్కులు ఎక్కువగా సంగీత సంస్థల చేతుల్లో ఉంటాయి. అనుమతి దొరకకపోతే పాట పేరు చెప్పి వదిలేయండి, పంక్తులు వేయకండి.

ఉత్తరాల సంగతి చాలామందికి తెలియదు. మీకు వచ్చిన ఉత్తరం కాగితం మీదే, అందులోని రాతపై హక్కు మాత్రం రాసినవారిది, వారి తర్వాత వారసులది. పాత ఫొటోకూ అంతే, అందులో ఉన్నది మీరే అయినా తీసినవారికి హక్కు ఉండవచ్చు. అనువాదాలు చేసేవారు మూల రచయిత అనుమతిని పని మొదలుపెట్టకముందే రాతలో తీసుకోవాలి. 300 పేజీలు అనువదించాక కాదంటే ఆ కష్టమంతా బీరువాలో ఉండిపోతుంది.

ఆత్మకథ, జ్ఞాపకాలు రాసేవారు బతికున్నవారి పేర్ల దగ్గర ఆగి ఆలోచించండి. పరువునష్టం నేరంగా భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షన్‌లో ఉంది. ఆధారం చూపగలిగినదే రాయండి. పేరు మారిస్తే సరిపోతుందనుకోకండి, ఊరూ ఉద్యోగమూ అవే ఉంటే ఊళ్లో అందరూ పోల్చుకుంటారు.

చదవమని ఇచ్చేటప్పుడు

అచ్చుకు ముందు ముగ్గురు నలుగురితో చదివించడం అవసరం. ఎవరికి, ఏ తేదీన, ఏ ప్రతి ఇచ్చారో నోటుపుస్తకంలో రాయండి. పీడీఎఫ్ పంపితే ప్రతి పేజీ అడుగున మీ పేరుతో పాటు తీసుకున్నవారి పేరు కూడా వచ్చేలా చేయండి. అలా ఉన్న ప్రతిని వాట్సాప్ గ్రూపులో పెట్టడానికి ఎవరైనా వెనకాడతారు. ఉచితంగా అక్షరదోషాలు దిద్దుతామనే వెబ్‌సైట్లలో మొత్తం పుస్తకాన్ని ఎక్కించే ముందు, మీరిచ్చిన పాఠాన్ని వారు ఏమి చేస్తారో షరతులు చదవండి.

ముందుమాట అడిగే పెద్దలకు పీడీఎఫ్ పంపి ఊరుకోవద్దు. 16 సైజు అక్షరాలతో, కాగితానికి ఒకవైపే ప్రింటు తీసి, బైండు చేయించి, స్వయంగా వెళ్లి ఇవ్వండి. రెండు నెలల గడువు ఇవ్వండి. ఆ ముందుమాటపై హక్కు కూడా రాసినవారిదే. ఈ ముద్రణలోనూ, రాబోయే ముద్రణల్లోనూ వాడుకోవడానికి ఒక చిన్న ఉత్తరంపై సంతకం తీసుకుంటే మర్యాదగానూ ఉంటుంది, మీకు నిశ్చింతగానూ ఉంటుంది. ముఖచిత్రం వేసిన చిత్రకారులతోనూ ఇదే పద్ధతి. డబ్బు ఎంత ఇచ్చారు, బొమ్మను దేనికి వాడవచ్చు, అసలు బొమ్మ ఎవరి దగ్గర ఉంటుంది, ఇవి కాగితంపై ఉండాలి.

సినిమావారికీ, వెబ్ సిరీస్ వారికీ కథ వినిపించే అవకాశం వస్తే ఒక విషయం మనసులో ఉంచుకోండి. ఊహకు కాపీరైట్ లేదు, ఆ ఊహను మీరు రాసిన తీరుకే ఉంది. 1978లో ఆర్.జి. ఆనంద్ అనే నాటక రచయిత కేసులో సుప్రీంకోర్టు ఈ సంగతిని స్పష్టంగా చెప్పింది. కాబట్టి నోటితో చెప్పి రాకండి. రాసిన సారాంశాన్ని మెయిల్‌లో పంపండి, ఏ రోజు ఎవరితో కూర్చున్నారో రాసిపెట్టుకోండి. అంతకంటే ముందు నమోదు చేయించండి.

కాపీరైట్ నమోదు

1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం మీరు రాసిన క్షణం నుంచే హక్కు మీది. నమోదు తప్పనిసరి కాదు. మరి ఎందుకు చేయించాలంటే, తగాదా వచ్చి కోర్టు మెట్లెక్కితే రిజిస్టరులోని వివరాలను ప్రాథమిక సాక్ష్యంగా తీసుకుంటారు. రాతప్రతిని కవరులో పెట్టి తనకు తానే రిజిస్టరు పోస్టు చేసుకునే పద్ధతి మన దగ్గర ఎప్పటినుంచో ఉంది. తేదీకి కొంత ఆధారం అవుతుందేమో గానీ, నమోదుకు అది సాటి రాదు.

నమోదు ఇంట్లో కూర్చుని చేసుకునే పనే. కాపీరైట్ కార్యాలయం ఢిల్లీలోని ద్వారకలో ఉంది. దాని ప్రభుత్వ వెబ్‌సైట్‌లో ఖాతా తెరిచి 14వ నంబరు ఫారం నింపాలి. సాహిత్య రచనకు రుసుము 500 రూపాయలు. అచ్చుకాని రచననూ నమోదు చేస్తారు. దరఖాస్తు అందగానే డైరీ నంబరు వస్తుంది, దాన్ని జాగ్రత్త చేయండి. ఎవరికైనా అభ్యంతరం ఉంటే చెప్పడానికి 30 రోజులు ఆగుతారు. ఆ తర్వాతే పరిశీలన మొదలవుతుంది. ఏదైనా లోపం కనిపిస్తే ఉత్తరం పంపుతారు, గడువులోగా జవాబు ఇవ్వాలి. ఇద్దరు కలిసి రాసినదైతే రెండో రచయిత అంగీకార పత్రం జతచేయాలి. అచ్చయ్యాక వివరాలు మారితే వాటిని నమోదు చేయడానికి 15వ నంబరు ఫారం ఉంది.

అన్ని పుస్తకాలకూ ఇది చేయించాలా? నా ఉద్దేశంలో కవితా సంపుటికి అంత తొందర లేదు. నవలకు, పాఠ్యపుస్తకానికి, సినిమాగా మారే వీలున్న కథకు తప్పక చేయించండి.

పత్రికలలో, పోటీలలో వచ్చిన కథలను సంపుటిగా వేస్తుంటే అప్పట్లో మీరిచ్చిన హామీ పత్రాలనూ, పోటీ నిబంధనలనూ బయటికి తీయండి. కొన్ని పోటీల నిబంధనల్లో హక్కులన్నీ నిర్వాహకులవేనన్న వాక్యం ఉంటుంది. అలా ఉంటే ముందే రాసి అనుమతి తీసుకోవాలి.

డీటీపీ, ప్రూఫులు

మీరు ఫోనులోనో కంప్యూటర్‌లోనో యూనికోడ్‌లో టైపు చేసి ఉంటారు. చాలా డీటీపీ కేంద్రాల్లో ఇప్పటికీ అను ఫాంట్లతోనే పని జరుగుతుంది. కన్వర్టరులో వేసి మారుస్తారు. ఆ మార్పిడిలో కొత్త తప్పులు పుడతాయి. "సాఫ్ట్‌వేర్" అని విడిగా పొల్లు పెట్టి రాసినది "సాఫ్ట్వేర్" అని వత్తుగా అతుక్కుపోతుంది. కొటేషన్ గుర్తులు తలకిందులవుతాయి. కాబట్టి మీరు పంపిన ఫైలులో తప్పులు లేవు కదా అని మొదటి ప్రూఫును వదిలేయవద్దు. యూనికోడ్‌లోనే పేజీలు కట్టగలిగిన వారు దొరికితే వారికే ఇవ్వండి. మండలి, సురన్న, రామభద్ర వంటి ఉచిత యూనికోడ్ ఫాంట్లు ఇప్పుడు అందుబాటులో ఉన్నాయి. రేపు ఈ-బుక్ వేయడం కూడా తేలికవుతుంది.

మొదటి ప్రూఫును ఇద్దరు కూర్చుని చూడాలి. ఒకరు అసలు ప్రతిని పైకి చదవాలి, మరొకరు ప్రూఫుపై వేలు పెట్టి అనుసరించాలి. దిద్దుబాట్లు మార్జిన్‌లో ఎర్ర సిరాతో రాయండి, ఫోనులో చెప్పకండి. రెండో ప్రూఫులో మీరు దిద్దినవి పడ్డాయో లేదో చూడటంతో పాటు, దిద్దిన పంక్తికి పైనా కిందా ఉన్న రెండేసి పంక్తులు చదవండి. ఒక తప్పు సరిచేస్తూ పక్కన మరొకటి చేయడం చాలా మామూలు. మూడో ప్రూఫులో కథలోకి వెళ్లకండి. పేజీ సంఖ్యలు, విషయసూచిక, శీర్షికలు, పేజీ పైనుండే పేర్లు మాత్రమే చూడండి.

పుస్తకాన్ని ఫారాల (ఒకే పెద్ద కాగితంపై కలిపి వేసే పేజీల) లెక్కన అచ్చు వేస్తారు. డెమ్మీ అనే మామూలు పుస్తకాల సైజులో సాధారణంగా 16 పేజీలు ఒక ఫారం. మీ పుస్తకం 164 పేజీలు వచ్చిందంటే పది ఫారాల పైన నాలుగు పేజీలు మిగిలాయి. వాటి కోసం ఖర్చు పెరుగుతుంది. అటువంటప్పుడు అంకితం పేజీనో ఖాళీ పేజీలనో సర్ది 160కి తేవచ్చు. ఈ సర్దుబాటు రెండో ప్రూఫు దగ్గరే చేయండి. చివర్లో చేస్తే విషయసూచికలో పేజీ సంఖ్యలన్నీ తారుమారవుతాయి.

ఒప్పందం

తెలుగులో ఎక్కువ పుస్తకాలు రచయితలే సొంత ఖర్చుతో వేసుకుంటారు. అయినా ప్రెస్సుతో ఒక కాగితం ఉండాలి: ఎన్ని ప్రతులు, ఏ కాగితం, ఏ బైండింగ్, ఎన్ని రోజుల్లో. చెప్పిన సంఖ్యకు మించి వేయకూడదని, పేజీల ఫైళ్లూ ముఖచిత్రం ఫైలూ రచయితకు అప్పగించాలని అందులోనే రాయించండి. రెండో ముద్రణ వేళ ఆ ఫైళ్ల విలువ తెలుస్తుంది.

ప్రచురణ సంస్థ ముందుకొస్తే ఒప్పంద పత్రాన్ని ఇంటికి తెచ్చుకుని రెండు రోజులు చదవండి. "హక్కులు బదలాయిస్తున్నాను" అనడానికీ "ప్రచురించడానికి అనుమతిస్తున్నాను" అనడానికీ చాలా తేడా ఉంది. మొదటి దాంట్లో, రాసిన మేరకు హక్కు మీ చేయి దాటిపోతుంది. బదలాయింపు రాతలో, మీ సంతకంతో ఉంటేనే చెల్లుతుంది. ఎంతకాలానికో రాయకపోతే ఐదేళ్లుగా, ఏ ప్రాంతానికో రాయకపోతే భారతదేశం వరకుగా చట్టం భావిస్తుంది. పత్రంలో వేరే విధంగా లేకపోతే, తీసుకున్నవారు ఏడాదిలోగా వాడుకోని హక్కు మీకు తిరిగి వస్తుంది. కానీ చట్టం చూసుకుంటుందిలే అని ఊరుకోకండి. కాలం, ప్రాంతం, రాయల్టీ ఎంత శాతం, లెక్కలు ఏ నెలలో చెబుతారు, మీకిచ్చే ఉచిత ప్రతులు ఎన్ని, ఇవన్నీ పత్రంలోనే ఉండాలి.

అచ్చు పుస్తకం, ఈ-బుక్, ఆడియో పుస్తకం, అనువాదం, సినిమా, ఇవన్నీ వేర్వేరు హక్కులు. అడిగినదానికే ఇవ్వండి. "సమస్త హక్కులూ" అన్న రెండు మాటలు కనబడితే పెన్ను కింద పెట్టి, ఏ హక్కులో విడివిడిగా రాయమనండి. పుస్తకం మార్కెట్లో లేకుండా ఇన్ని నెలలు దాటితే హక్కు తిరిగి మీకే అన్న వాక్యం కూడా చేర్పించండి. పెద్ద మొత్తాల విషయమైతే న్యాయవాదికి చూపించండి.

ఇంకొక మాట, ఇది వినడానికి బాగోకపోయినా చెప్పాలి. మీ తర్వాత 60 ఏళ్లు నిలిచే ఆస్తి ఇది. ఇల్లూ పొలం గురించి వీలునామాలో రాసేవారు పుస్తకాల హక్కులు ఎవరికో రాయరు. వారసులు ఎవరో తెలియక మళ్లీ అచ్చుకు నోచుకోని మంచి పుస్తకాలు మన భాషలో ఉన్నాయి. ఒక్క వాక్యం చేర్చండి.

చివరి పేజీలు

ఐఎస్‌బిఎన్‌ను (పుస్తకాన్ని గుర్తుపట్టే సంఖ్యను) ఢిల్లీలోని రాజా రామ్మోహన్ రాయ్ జాతీయ ఏజెన్సీ ఉచితంగా ఇస్తుంది. సొంతంగా వేసుకునే రచయితలు కూడా ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేసుకోవచ్చు. అట్ట వెనుక బార్‌కోడ్ వేయాలి కాబట్టి ముఖచిత్రం ఖరారు కాకముందే తెచ్చుకోండి. అట్టబైండు, మామూలు బైండు, ఈ-బుక్, దేనికి దానికి వేర్వేరు సంఖ్య కావాలి. అది పుస్తకాన్ని గుర్తుపట్టే సంఖ్య మాత్రమే, దానివల్ల ఏ హక్కూ రాదు.

కాపీరైట్ పేజీలో పుస్తకం పేరు, మీ పేరు, కాపీరైట్ గుర్తు, సంవత్సరం, ప్రథమ ముద్రణ నెల, ముఖచిత్రం వేసినవారి పేరు, ముద్రించినవారి పేరు, ప్రతులకు చిరునామా, వెల ఉండాలి. అనుమతితో వాడుకున్న వాటికి కృతజ్ఞత ఇక్కడే చెప్పండి. ఇంటి చిరునామా వేయడం ఇష్టం లేకపోతే మెయిల్ చిరునామా చాలు. ఈ పేజీని అందరూ చివర్లో హడావిడిగా చేస్తారు. మీ పేరులోనే అచ్చుతప్పు పడే చోటు ఇదే.

ఆఖరి ప్రూఫు ప్రతి పేజీపై సంతకం చేసి, తేదీ వేసి, "అచ్చు వేయవచ్చు" అని రాసి ప్రెస్సుకు ఇవ్వండి. ఇచ్చే ముందు దాని జిరాక్స్ ఒకటి మీ దగ్గర ఉంచుకోండి. మొదటి పుస్తకం చేతికి రాగానే అట్ట చూసి మురిసిపోయాక, ఆ జిరాక్స్ పక్కన పెట్టుకుని ఫారం ఫారం తిప్పి చూడండి. పేజీలు వరుసగా ఉన్నాయో, ఏదైనా ఫారం తలకిందులుగా కుట్టారో ఆ రోజే తెలిస్తే మిగతా ప్రతుల బైండింగ్ ఆపించవచ్చు.